కన్నీరు తుడిచిన రాయబారం

పాతికేళ్ళకు పైగా తరగతి గదిలో ఉద్యోగపర్వం బోధిస్తున్నాను. ఒకనాడు శ్రీకృష్ణ రాయబార ఘట్టం ముగించి పుస్తకం మూయబోతుండగా చివరి బల్ల మీది నుండి ఒక విద్యార్థిని లేచి, "మాస్టారూ! రాయబారం ఎప్పుడైనా ఫలించిందా?" అని అడిగింది. తరగతి నవ్వింది. నేను మాత్రం నవ్వలేకపోయాను. అంగదుని మాటలు రావణుని చెవికెక్కలేదు. సాక్షాత్తు వాసుదేవుడే వెళ్ళినా సుయోధనుడు అయిదూళ్ళయినా ఇవ్వలేదు. పల్నాటి వీరగాథలో రాయబారిగా వెళ్ళిన అలరాజు విషప్రయోగానికి బలయ్యాడు. గంట మోగడం వల్ల ఆనాడు నా పరువు దక్కింది.

ఆ ప్రశ్న వెంటాడగా ఇతర దేశాల పురాగాథలు చదవసాగాను. ఉత్తర అమెరికా ఆదివాసుల గాథ ఒకటి నన్ను ఆపివేసింది. నేటి న్యూయార్క్ రాష్ట్ర ప్రాంతంలో, ఐరోపావారు అడుగుపెట్టక పూర్వం, మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా అనే అయిదు తెగలు నివసించేవి. వారిది ఒకే భాషా కుటుంబం. అయినా ఒక తెగవాడు మరణిస్తే ఆ దుఃఖం చల్లారడానికి మరొక తెగవాని ప్రాణం తీసేవారు. ఆ చావుకు మరొక చావు బదులయ్యేది. ఈ విధంగా ప్రతి శోకమూ కొత్త యుద్ధానికి విత్తనమయ్యేది.

ఆ కాలంలో ఒనొండాగా తెగకు నాయకుడు టడొడాహో. అతడు మహాయోధుడు, మాంత్రికుడు. అతని దేహం వంకరలు తిరిగి ఉండేదనీ, జుట్టులో పాములు మెలికలు తిరుగుతుండేవనీ గాథ చెబుతుంది. అతనికి భయపడి ఎవరూ శాంతి మాట ఎత్తేవారు కారు. ఎత్తిన వాడు హయవాతా. అందుకు ఫలితంగా అతడు తన కూతుళ్ళను పోగొట్టుకున్నాడు. ఆ మరణాలకు టడొడాహో మంత్రశక్తే కారణమని పలువురు కథకులు చెబుతారు. 1855లో లాంగ్‌ఫెలో అనే అమెరికన్ కవి హయవాతా పేరుతో ప్రసిద్ధమైన కావ్యం రచించాడు గాని, పేరు తప్ప ఈ కథ అందులో లేదు.

హయవాతా దుఃఖంతో అడవుల పాలయ్యాడు. దారిలో గవ్వల వంటి పూసలను దండలుగా గుచ్చి, "నావలె శోకించేవాడు ఎదురైతే ఈ దండలు చేతబట్టి ఓదార్చేవాడిని" అని తనలో తాను అనుకునేవాడు. ఓదార్చేవాడు తెలిసినవాడే గాని, తనను ఓదార్చేవారు లేరు. అప్పుడు శాంతిస్థాపకుడనే మహాపురుషుడు అతని వద్దకు వచ్చాడు. పవిత్రమని భావించి ఆ తెగలవారు నేటికీ ఆయన అసలు పేరును ఊరక ఉచ్చరించరు. ఆయన ఆ దండలనే అందుకొని మూడు పనులు చేశాడు. మొదట మెత్తని లేడి చర్మంతో హయవాతా కన్నీరు తుడిచి చూపు నిచ్చాడు. పిమ్మట దుఃఖం మూసివేసిన చెవులను తెరిచాడు. ఆ తరువాత పూడుకుపోయిన గొంతును నీటితో శుభ్రపరిచి మాట నిచ్చాడు. శాంతి ప్రసంగం ఆ తరువాతనే.

ఇరువురూ కలిసి తెగ తెగకూ వెళ్ళి అందరినీ ఒప్పించి, చివరకు టడొడాహో ఎదుట నిలిచారు. అతనిని వధించలేదు. హయవాతా అతని జుట్టులోని పాములను ఒక్కొక్కటిగా దువ్వి తీశాడు. తన బిడ్డల మరణానికి కారకుడన్న వాని తల దువ్వడం! అంతటితో ఆగక, అయిదు తెగల మహాసభకు అధ్యక్షత వహించే గౌరవాన్ని ఆ యోధునికే అప్పగించారు. ఒక దేవదారు జాతి వృక్షాన్ని పెకలించి ఆయుధాలన్నీ ఆ గోతిలో వేసి, దానిపై తిరిగి ఆ చెట్టునే నాటారు. ఆ చెట్టు ఆకులు సూదుల వలె, అయిదేసి ఒకే గుత్తిగా ఉంటాయి.

ఇక్కడ నాకు ద్రౌపది జ్ఞాపకం వచ్చింది. రాయబారానికి బయలుదేరే కృష్ణునికి ఆమె కూడా తన జుట్టునే చూపింది. కృష్ణుడు ఆమెను ఓదార్చాడు. అయితే కౌరవస్త్రీలు కూడా ఇలాగే విలపించే రోజు వస్తుందని మాట ఇచ్చి ఓదార్చాడు. ఒకరి కన్నీటికి మరొకరి కన్నీటిని హామీ ఇచ్చిన తరువాత హస్తినకు వెళ్ళిన రాయబారం ఫలించకపోవడంలో వింత ఏముంది?

ఈ కథ చదివేనాటికి మా అన్నయ్యకూ నాకూ మాటలు లేక తొమ్మిదేళ్ళయింది. ఉమ్మడి బావి నీటి వంతు దగ్గర మొదలైన తగవు అది. మూడుసార్లు పెద్దమనుషులను వెంటబెట్టుకుని, పంపకాల కాగితాలు చంకన పెట్టుకుని వెళ్ళాను. మూడుసార్లూ న్యాయం నా వైపే ఉన్నదని నిరూపించి, ఉత్త చేతులతో తిరిగి వచ్చాను. ఆ నడుమనే వదిన కన్నుమూసింది. దినవారాలకు వెళ్ళి, బంధువుల వరుసలో నిలబడి వచ్చేశాను.

ఈసారి కాగితాలు లేకుండా ఒంటరిగా వెళ్ళాను. అన్నయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఏమి మాట్లాడాలో తోచక, "వదిన చివరి రోజుల్లో బాగా బాధపడిందా, అన్నయ్యా?" అన్నాను. చాలాసేపు పలకలేదు. పిమ్మట, "నెల రోజులు మంచం మీద ఉందిరా. నువ్వు వస్తావేమోనని రెండుసార్లు అడిగింది" అన్నాడు.

తొమ్మిదేళ్ళుగా నేను వాదించినది బావి గురించి. ఆయన మోస్తున్నది మాత్రం ఈ మాట. చదువుకొనే రోజుల్లో నాకు అన్నం పెట్టిన తల్లి వంటి వదిన మంచాన పడితే, తగవు ఉన్నదని నేను గడప తొక్కలేదు. "తప్పయింది" అన్నాను. ఇద్దరం ఏడ్చాము. ఆ రాత్రి అక్కడే భోజనం చేశాను. బావి ప్రస్తావన ఎవరూ తేలేదు. అది తేలడానికి మరొక ఏడాది పట్టింది.

విద్యార్థులారా! అయిదు తెగల సంధి లోకంలోని యుద్ధాలన్నిటినీ మాన్పలేదు. 1722లో టస్కరోరా తెగ ఆరవదిగా చేరింది. 1777లో, అమెరికా స్వాతంత్ర్య సమరంలో ఎవరి పక్షం వహించాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఆ సోదరులే రెండుగా చీలి ఒకరినొకరు చంపుకున్నారు. అయినా సభ అంతరించలేదు. ఆ సమాఖ్య ప్రభావాన్ని 1988లో అమెరికా కాంగ్రెస్ తీర్మానపూర్వకంగా గుర్తించింది. సభాధ్యక్షుని పదవికి నేటికీ టడొడాహో అనే పేరు. ఒక నాయకుడు మరణిస్తే, కొత్తవానిని నిలిపే ముందు కన్నీరు తుడిచి, చెవులు తెరిచి, గొంతు శుభ్రపరిచే ఆ ఓదార్పు క్రతువు నేటికీ జరుగుతుంది.

నన్ను ప్రశ్నించిన విద్యార్థిని ఎప్పుడో చదువు ముగించి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఉద్యోగపర్వం ముగించిన ప్రతిసారీ, ఎవరూ అడగకపోయినా, ఆ చివరి బల్ల వైపు చూసి ఈ కథ చెబుతున్నాను.