బాతు నా మాట వింటోంది

మొన్న సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు, అటక మీద ఓ అట్టపెట్టెలో మా పాత వీడియో గేమ్ దొరికింది. నింటెండో ఫామికామ్‌కి చైనా నకలు. తొంభైల చివర్లో మాకు ఆ పేర్లేవీ తెలీవు. కంట్రోలర్‌ని రిమోట్ అనేవాళ్ళం, కార్ట్రిడ్జిని క్యాసెట్ అనేవాళ్ళం. వాటితోపాటు ఒక ప్లాస్టిక్ తుపాకీ. అది డక్ హంట్ కోసం.

1984లో వచ్చిన ఆ ఆటలో కథంటూ ఏమీ లేదు. కుక్క వాసన చూసుకుంటూ వచ్చి గడ్డిలోకి దూకుతుంది. బాతులు లేస్తాయి. రౌండుకి పది బాతులు, ప్రతిసారీ మూడే తూటాలు. కొడితే కుక్క బాతుని ఎత్తి చూపిస్తుంది. తప్పితే గడ్డిలోంచి లేచి, మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. మన పక్షాన ఉండాల్సిన కుక్క! దాన్ని కాలుద్దామని ఎన్నిసార్లు చూశానో. దానికి తూటా తగలదు.

తుపాకీ ఎప్పుడూ నా దగ్గరే. మిగిలిన రిమోట్ చెల్లికి ఇచ్చి, "నువ్వూ ఆడుతున్నట్టే" అనేవాణ్ణి. అది ఉత్తదేనని నా నమ్మకం. ఒకరోజు తను, "అన్నయ్యా, బాతు నా మాట వింటోంది" అంది. వేసవి సెలవులు, ఇంటినిండా పిన్ని పిల్లలు. "అయితే ఎడమకి తిప్పు చూద్దాం" అన్నాను. అప్పుడు రెండు బాతుల ఆట నడుస్తోంది. చెల్లి మీటలన్నీ నొక్కింది. బాతులు వాటి దారిన అవి పోయాయి. అందరం పగలబడి నవ్వాం. తను రిమోట్ కింద పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ ఆట దగ్గరికి రాలేదు.

ఇప్పుడు ఆ డబ్బాని హాల్లో ఉన్న కొత్త టీవీకి తగిలించాను. బొమ్మ వచ్చింది గానీ తుపాకీ పేలలేదు. ఎందుకా అని వెతికాను. నిజానికి ఆ తుపాకీ దేన్నీ కాల్చదు, వెలుతురుని చూస్తుందంతే. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడుతుంది, వెంటనే బాతు ఉన్నచోట తెల్లటి చతురస్రం మెరుస్తుంది. ముందు చీకటి, తర్వాత వెలుగు కనిపిస్తే గురి తగిలినట్టు. రెండు బాతులుంటే చతురస్రాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఇదంతా ట్యూబ్ టీవీ బొమ్మని గీసే పద్ధతిని నమ్ముకుని చేసిన లెక్క. ఎల్‌సీడీ కాస్త ఆలస్యంగా చూపిస్తుంది, లెక్క తప్పుతుంది. పదేళ్ళుగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నవాడిగా, అంత చిన్న యంత్రంలో ఇంత తెలివి పెట్టినవాళ్ళకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

అక్కడే ఇంకో సంగతి తెలిసింది. ఒక్క బాతు ఆటలో, రెండో మనిషి రిమోట్‌తో బాతుని నడిపించవచ్చు. రెండు బాతుల ఆటలో కుదరదు.

ఒక్క బాతు ఆట పెట్టి, రిమోట్ తీసుకుని ఎడమ మీట నొక్కాను. బాతు ఎడమకి తిరిగింది.

ఆఫీసులో ఎవరైనా "ఇది పనిచెయ్యట్లేదు" అంటే "నా దగ్గర బానే ఉందే" అనడం మాకు అలవాటు. అవతలివాళ్ళు ఏ పరిస్థితిలో చూశారో అడగం. మనకి తోచిన పరీక్ష పెట్టి, అది నెగ్గలేదని తేల్చేస్తాం. నేను ఆ పని మొదటిసారి చేసింది పదకొండేళ్ళకి, ఏడేళ్ళ పిల్ల మీద.

రాత్రి డల్లాస్‌లో ఉన్న చెల్లికి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"నాకు తెలుసుగా అన్నయ్యా" అంది. "నువ్వు ఓడిపోతుంటే తుపాకీకి ఎదురుగా తెచ్చిపెట్టేదాన్ని."

నా గురి మంచిదని ఇన్నాళ్ళూ అనుకున్నాను.