కొండమీద బస

అరకు మనకు పెరటిచెట్టు. ఎప్పుడైనా పోవచ్చు గదా అని విజయనగరం, శ్రీకాకుళం వాళ్లం ఏళ్లు గడిపేస్తాం. ఈ డిసెంబరులో వెళ్లి తీరాలని మా ఇంట్లో తీర్మానమైంది. పేచీ అల్లా బస దగ్గరే. పిల్లలకు ఈతకొలనున్న హోటలు కావాలి. నాకు కొండవారి ఇంట్లో రెండు గదులు, కట్టెలపొయ్యిమీద కాగిన నీళ్లు, ఇంటావిడ పోసే రాగిజావ చాలు.

ఇది ఒట్టి సరదా కాదు. ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనరాదని 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషను చెబుతుంది. ఈ బొర్రా కొండల గనుల తగాదాలోనే, 1997లో, ‘సమత’ వారి కేసులో సుప్రీంకోర్టు ఆ భూములు ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం ప్రభుత్వానికైనా చెల్లదన్నది. అయినా పట్టా ఒకరిదీ, గల్లాపెట్టె మరొకరిదీ అయిన బసలు లేవని గుండెమీద చెయ్యివేసుకుని ఎవరనగలరు? అందుకే అద్దె ఎంతని అడిగేముందు ఇల్లెవరిదని అడగమంటాను. ఆ అద్దె ఎవరి పొయ్యి వెలిగిస్తుందో తెలియాలి గదా!

దారి సులువే. విజయనగరంనుంచి కొత్తవలస చేరి, విశాఖనుంచి పొద్దున్నే వచ్చే కిరండోల్ బండి అందుకోవాలి. శృంగవరపుకోట దాటితే కొండలూ, సొరంగాలూ. వాటిని లెక్కపెట్టే పని పిల్లలది. వలిసెపూలు పొలాలనిండా పసుపు ఆరబోసినట్లుండే రోజులవి. చలి మాత్రం తమాషా కాదు.

ఒక ఇంటావిడతో ఫోనులో మాట్లాడాను. ఇల్లూ, వెనక కాఫీతోటా తమవేనట. “నీళ్లగది బయటుంది బాబూ, పిల్లలు సర్దుకుంటారా?” అని ఆవిడే ఎదురడిగింది.