ఇంటనే యున్నది గదా!

పెద్ద సాంకేతిక సంస్థలో నుద్యోగ మెట్టిదో తెలుపుడని మా సీమ సోదరీమణులు కొందరు మమ్ము తరచుగా నడుగుచుందురు. జీత మెంతయని యడుగువారు వేఱు. వారికి మేము ప్రత్యుత్తర మీయము. పని యెట్టిదని యడుగువారికి మాత్రము, చదువరులారా, తెలిసినంత వఱకు చెప్పవలసియే యున్నది. ఏలయన, ఈ యుద్యోగము తెలుగు గృహములలో నెల్లరు నెఱిగిన మాటయు, నెవ్వరు నెఱుగని పనియునై యున్నది.

1998వ సంవత్సరమున హైదరాబాదులో సైబర్ టవర్సు తెఱవబడెను. ఆ యేడే మైక్రోసాఫ్ట్ సంస్థ తన అభివృద్ధి కేంద్రమును అచ్చట నెలకొల్పెను. 2004లో గూగుల్ వచ్చెను. 2019లో అమెజాన్ వారు పదునైదువేల మంది కూర్చుండి పనిచేయదగిన భవనమును కట్టిరి. అనంతపురము జిల్లా బుక్కాపురము మూలముగా గల కుటుంబమున బుట్టిన సత్య నాదెళ్ల గారు 2014లో మైక్రోసాఫ్టునకు ముఖ్యాధికారి యైన నాటితో, పిల్లలకే చదువు చెప్పింపవలయునన్న చర్చ మా వీధిలో ముగిసినది. అప్పటికే మేమొక సంస్థలో చేరియుంటిమి. దాని పేరిచ్చట నవసరము లేదు.

మీరు చేయున దేదియో చూపుడన్నచో, చూపుటకు వస్తువు లేదు. ఎచ్చటనో యొకరు వస్తువును కొని బొత్తాము నొక్కుదురు. ఆ సొమ్ము వారి బ్యాంకు నుండి దుకాణదారుని చేరులోపల వందల కొలది ప్రోగ్రాములు ఒకదాని వెంట నొకటి పనిచేయును. అందొక దానిని ఎనిమిదిమంది కలసి కనిపెట్టుకొని యుందుము. ఒకరు వ్రాసిన పంక్తిని మఱియొకరు చదివి సరియన్న గాని అది లోనికి పోదు. ఉదయమున నిన్న నేమి చేసితిమో, నేడేమి చేయుదుమో తలకొక మాట చెప్పుకొందుము. మొత్తమును చూచినవా రెవ్వరును లేరు.

మా అహోబిలమున కనుమ నాడు స్వామి పారువేటకు బయలుదేరి, నలువది దినములు ముప్పదికి పైబడిన గ్రామములు తిరుగును. పల్లకి మోయు బోయీకి, ఎవరిని మోయుచున్నాడో, ఏ యూరి తెలుపు మీద దింపవలయునో తెలియును. మేము దండె యొక కొనను పట్టుకొని పండ్రెండేండ్లకు పైగా నడచుచున్నాము. పల్లకిలో నెవరున్నదియు చూచి యెఱుగము. ఇది నిందగా వ్రాయుట లేదు. జీతము సరిగా నిచ్చుచున్నారు. మూడు పూటల భోజనము ఉచితముగా బెట్టుదురు. అది యన్నసత్రమని భ్రమింపరాదు, భోజనమునకై యెవ్వరును వెలుపలికి పోకుండుటకు చేసిన యేర్పాటు.

ఇక కాలభేదము. అమెరికా పశ్చిమ తీరమునకును మనకును వేసవిలో పండ్రెండున్నర గంటలు, చలికాలమున పదమూడున్నర గంటలు తేడా. అచ్చట ఉదయ మెనిమిదింటికి సమావేశము పెట్టినచో మనకు రాత్రి ఎనిమిదిన్నర. నవంబరు మొదటి యాదివారమున వారు గడియారములను ఒక గంట వెనుకకు త్రిప్పుకొందురు; ఆ మరునాటి నుండి మనకది తొమ్మిదిన్నర. వడ్డనల వేళ, బిడ్డను నిద్రపుచ్చు వేళ, సంస్థ వారి ఉదయమైపోవును. మగవానికిది యలసట మాత్రమే. ఆడుదానికి ప్రతి రాత్రియు నొక సంజాయిషీ.

2020 మార్చిలో కార్యాలయములు మూతపడెను. జూనులో మేము బిడ్డను వెంటబెట్టుకొని దిగువ అహోబిలములోని పుట్టినింటికి వచ్చితిమి. వేఱొక సంస్థలో నిదే పని చేయుచుండిన మా తమ్ముడును వచ్చెను. ఇంట రెండు గదులు. చెరియొక గదిలో చెరియొక కంప్యూటరు. తమ్ముడు తలుపు వేసికొనగానే ఇల్లంతయు గొంతు తగ్గించెడిది. లోనికి కాఫీ పోయెడిది. మేము తలుపు వేసికొనినచో గడియ కొకమారు తట్టెడివారు. పాలు పొంగుచున్నవి చూడుమనియు, చుట్టములు వచ్చిరి పలుకరింపుమనియు, కోతులు ఆరబోసిన మిరపకాయల మీద బడెననియు. సమావేశమున నున్నానన్నచో మా మేనత్త, "ఇంట్లోనే ఉండావు గదా మ్మే!" యనెడిది. ఆమె చెడ్డది కాదు. ఇంటనున్న యాడుదాని చేతులు ఖాళీగా నుండుననుట ఆమెకు తల్లి చెప్పిన పాఠము. 2017లో ప్రసూతి చట్టమును సవరించి ఇరువదియాఱు వారముల సెలవును, ఏబదిమందికి తక్కువ గాని కార్యాలయమున శిశుసంరక్షణ గృహమును విధించిరి. మంచిదే. కాని యింటి తలుపునకు చట్టము లేదు గదా.

2021లో నొక రాత్రి రెండు గంటలకు మా ఫోను మ్రోగెను. మాలో వంతులు కలవు. ఆ వారము వంతు మాది. మేము కనిపెట్టుకొనియుండు ప్రోగ్రాము నిలిచిపోయినది. ఏ మార్పు చేత నిలిచెనో వెదకి, దానిని తీసివేసి, పాతది మరల పెట్టునప్పటికి నాలుగు దాటెను. తల చూపగా, అమ్మ గడప యొద్ద కూర్చుండియున్నది. "ఏమయింది మ్మే?" యనెను. ఎచ్చటనో జనులకు డబ్బు కట్టుట కుదరలేదనియు, ఇప్పుడు కుదురుచున్నదనియు చెప్పితిమి. "ఎంతమందికి?" అనెను. లక్షలలో నుందురంటిమి. అమ్మ మాఱుమాట లేక లేచి టీ పెట్టెను. మఱునాడు మేనత్త తలుపు తట్టబోగా, "దానికి డ్యూటీ ఉంది, పాలు నేను చూసుకుంటా" ననెను. ఆ మాటకు మేనత్త మూతి ముడిచినది. మూడు దినములు మాతో మాటాడలేదు.

2022లో మమ్ము మరల హైదరాబాదునకు పిలిచిరి. 2023 జనవరిలో గూగుల్ పండ్రెండువేల మందిని, మైక్రోసాఫ్ట్ పదివేల మందిని తొలగింతుమని ప్రకటించెను; అమెజాన్ వారి లెక్క పదునెనిమిదివేలు. ఆ దినములలోనే మా తమ్మునికి గూడ తన సంస్థ నుండి యట్టి లేఖ యొకటి తెల్లవారునప్పటికి వచ్చియుండెను. మధ్యాహ్నమునకు కంప్యూటరు తెఱచుకొనలేదు. వాడు ఇల్లు చేరి మూడు నెలలుండెను. ఇంటి పని యేదియు చేయలేదు, చేయుమన్నవారును లేరు. పరామర్శకు వచ్చినవారితో మేనత్త, "పాపం, పని ఎతుక్కుంటా ఉండాడు" అని చెప్పెడిది. "ఇంట్లోనే ఉండాడు గదా" యన్న మాట ఆమె నోట రాలేదు. మేము విని యూరకుంటిమి, అమ్మ యూరకుండలేదు. ఏమనినదో వ్రాయుటకు వీలు గాదు, కాని వీధి వఱకు వినబడినది.

తమ్మునికి పిదప వేఱొక చోట పని దొరకినది. మాకు నేటికిని అదే ప్రోగ్రాము, అవే వంతులు. బిడ్డను వారమున నాలుగు రాత్రులు ఆమె తండ్రి నిద్రపుచ్చుచున్నాడు. ఆ యొడంబడిక మూడు జగడముల మీద కుదిరినది. ఉపాధ్యాయుడై విరమించిన మా తండ్రిగారు నవంబరు మొదటి సోమవారమున అహోబిలము నుండి ఫోను చేసి, "ఈ పొద్దు నుంచి నీకు తొమ్మిదిన్నర గదా, అన్నం ముందే తిను" అని చెప్పుచుందురు.