అద్దంలో అమ్మాయి

మా పెద్దమ్మది పామర్రు. ఆమధ్య హైదరాబాదు వస్తే సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్ళాను. గడియారంలో గంట కొట్టే బొమ్మవాణ్ణి చూసి మురిసిపోతుందనుకుంటే, ఆవిడ పోయి పోయి మెఫిస్టోఫిలిస్ దగ్గర ఆగింది.

"కంచుదా అమ్మాయ్?"

ఆ నిగనిగ చూసి నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. కాదు, చెక్క. పంతొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్సు శిల్పి ఎవరో ఒకే సైకమోర్ దుంగలో నిలువెత్తు మనుషులిద్దర్ని చెక్కాడు. ఇటువైపు బూట్లేసుకుని వంకరగా నవ్వే సైతాను. అటువైపు ప్రార్థన పుస్తకం పట్టుకుని తలవంచుకున్న మార్గరెట్టా. ఆ పిల్ల మనకు కనిపించేది వెనకున్న అద్దంలోనే.

గెథే రాసిన 'ఫౌస్ట్' కథ అది. గూనో 1859లో పారిస్‌లో ఆపెరాగా ఆడించాడు. ఆపెరా అంటే మరేం లేదు, మన యక్షగానానికి దూరపు చుట్టం. పండితుడొకడు పడుచుదనం కోసం ఆత్మని సైతానుకి అమ్ముకుంటాడు. నగలపెట్టె ఎరవేసి ఈ పిల్లని లొంగదీస్తారు. బిడ్డని చంపుకుని చెరసాల పాలయ్యేది మాత్రం ఈ పిల్లే. చివర్లో మోక్షం ఇస్తారు లెండి!

పెద్దమ్మ అంతా విని, "చేసింది వాళ్ళయితే తల దించుకుంది ఇదా?" అంది. "మన భామ అయితేనా..."

పామర్రుకి కూచిపూడి ఎంత దూరమని! భామాకలాపంలో సత్యభామ మొహం చూపించకముందే తెర మీదుగా జడ వేస్తుంది. నన్ను మించినవాళ్ళుంటే రండి అని సవాలన్నమాట. అప్పటి మేళాల్లో ఆ భామ కూడా మగవాడే. వేదాంతం సత్యనారాయణ శర్మగారి వేషం చూసొచ్చిన మర్నాడు, దండెం మీద ఆరేసిన చీరని తెర చేసుకుని పెద్దమ్మ తన జడ విసిరిందట. అవతల తాతయ్య నిలబడి ఉన్నారు. ఆ వేసవిలోనే పెళ్ళి చేసేశారు. 2012లో శర్మగారు పోయారని పేపర్లో చదివి, పెద్దమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. ఎందుకని పెదనాన్న అడగలేదు.

పై గదులన్నీ చూశాక మళ్ళీ అక్కడికే వెళ్దామంది. అద్దంలో ఆ పిల్ల పక్కన పెద్దమ్మ మొహం కూడా పడింది. ముడి జారినట్టుంది, పిన్ను తీసి పళ్ళమధ్య పెట్టుకుని సర్దుకోవడం మొదలుపెట్టింది. వెనకాల జనం ఆగిపోయారు.

"నడవండమ్మా," అన్నాడు కాపలా అబ్బాయి.

"ఉండవయ్యా," అంది పెద్దమ్మ.