క్రీ.పూ. 4000: స్కౌట్ వెంట నడక

సివిలైజేషన్ ఆరో భాగంలో ఇంకా కంటపడని నేలంతా పసుపు తిరిగిన పాత పటంలా ఉంటుంది. దాని మీద అక్కడక్కడా సిరాతో గీసిన వింత జంతువులు. నడిమధ్య మాత్రం కొద్దిపాటి వెలుగు. ఆ వెలుగులో ఒక నది వంపు, కాస్త పచ్చిక, రెండు మూడు అడవి ముక్కలు, ఒక సెట్లర్, ఒక వారియర్. తేదీ క్రీ.పూ. 4000. నేను బయల్దేరింది చంద్రగుప్త మౌర్యుడి పక్షాన. మామూలు వేగంతో ఆడితే ఇక్కడ మొదట్లో ఒక్కో టర్న్‌కు 40 ఏళ్లు గడుస్తాయి. క్రీ.పూ. 1000 దాకా, అంటే 75 టర్న్‌ల వరకు, ఇదే లెక్క. ఈ రచన ఆ 75 టర్న్‌లలో చేసిన ప్రయాణం గురించి.

సిడ్ మైయర్, బ్రూస్ షెల్లీ మైక్రోప్రోజ్ సంస్థలో ఈ ఆట తొలి భాగాన్ని 1991లో తెచ్చారు. ఇలాంటి సామ్రాజ్య నిర్మాణపు ఆటలకు ‘ఫోర్ ఎక్స్’ అనే పేరు 1993లో ఆలన్ ఎమ్రిచ్ అనే పత్రికా రచయిత పెట్టాడు. అన్వేషించడం, విస్తరించడం, వనరులు వాడుకోవడం, ఎదుటివాణ్ణి నిర్మూలించడం: ఈ నాలుగు పనులకు నాలుగు ఎక్స్‌లు. వరసలో అన్వేషణే ముందుంది. ఆడేవాళ్లలో చాలామంది మాత్రం ఏది ముందు కట్టాలి, ఏది తర్వాత కట్టాలి అనే జాబితాను ఇంట్లోనే బట్టీపట్టి వస్తారు. తెలియని నేలకు తెలిసిన జాబితా తెచ్చి ఏం లాభం? ఆరో భాగం తొలి టర్న్‌లలో గెలుపోటములను తేల్చేది జాబితా కాదు, నడక. ఆ నమ్మకంతోనే ఈ దారి పట్టాను.

సెట్లర్‌ను ఎంచుకోగానే నేల రంగులు మారతాయి. ముదురాకుపచ్చ అంటే మంచినీళ్లు అందే చోటు. లేతాకుపచ్చ అంటే సముద్రతీరం. బూడిద రంగైతే నీళ్లు లేనట్టు, ఎరుపైతే ఊరు కట్టడానికి వీల్లేనట్టు. పొలం కొనే రైతు ముందుగా నీటివసతి చూసినట్టే, ఇక్కడ నగరం పెట్టేవాడు ముందు ఈ రంగులు చూడాలి. నది, సరస్సు లేదా ఒయాసిస్ పక్కన పెట్టిన నగరానికి 5 హౌసింగ్ వస్తుంది. తీరంలో 3, నీళ్లు లేని చోట 2. హౌసింగ్ చాలకపోతే తిండి ఎంత ఉన్నా జనం పెరగరు.

మా సెట్లర్ నిలబడిన పచ్చిక కూడా ముదురాకుపచ్చే. అక్కడే ఊరు పెట్టేయవచ్చు. అయితే తూర్పున ఆనుకునే, అదే నది ఒడ్డున, చిన్న గుట్ట ఒకటి కనిపించింది. గుట్ట ఎక్కడానికి 2 అడుగులు ఖర్చు. సెట్లర్‌కు ఉన్నవే 2 అడుగులు. అంటే ఊరు పెట్టడం ఒక టర్న్ ఆలస్యం, ఆట లెక్కలో 40 ఏళ్లు. వారియర్‌ను ముందు గుట్టమీదికి పంపి అవతల ఏముందో చూశాక ఆ 40 ఏళ్లు ఖర్చుపెట్టాను.

ఎందుకంటే లెక్క ఇలా ఉంది. మామూలు నేల మీద నగర కేంద్రం ఇచ్చే ఉత్పత్తి 1. మైదానపు గుట్ట మీదైతే 2. రాజధానిలో ఉండే ప్యాలెస్ మరో 2 ఇస్తుంది. పక్క అడవిలో పనిచేసే ఒకే ఒక్క పౌరుడు 1 తెస్తాడు. పచ్చికలో మొత్తం 4, గుట్ట మీద 5. కొత్త నేలను చూసొచ్చే స్కౌట్ ఖరీదు 30 కాబట్టి పచ్చికలో 8 టర్న్‌లు, గుట్ట మీద 6. పోగొట్టుకున్న ఒక్క టర్న్ మొదటి స్కౌట్‌తోనే వడ్డీతో సహా తిరిగొచ్చింది. రెండు మూడు టర్న్‌లు తిరిగి వెతికేంత తీరిక మాత్రం ఎవరికీ ఉండదు. ఒక అడుగు దూరంలో ఇలాంటి గుట్ట కనబడితే కదలాలి, లేకపోతే ఉన్నచోటే దిగిపోవాలి.

ఊరు వెలిసింది. స్కౌట్ తయారయ్యేలోగా వారియర్ పడమటి అడవుల్లో తిరిగొచ్చాడు. స్కౌట్‌కు 3 అడుగులు, వారియర్‌కు 2. ఈ చిన్న తేడా చాలా దూరం పనిచేస్తుంది. స్కౌట్ నదిని పట్టుకుని తూర్పుకు బయల్దేరింది. లోయల్లో దిగబడకుండా గుట్టల మీదుగా నడిపించాను. ఎత్తు మీద నిలబడితే అడవి కూడా చూపుకు అడ్డురాదు. మొదటి మలుపులో వరద మైదానం, దాని చివర వరి గింజల బొమ్మ ఉన్న టైల్. 2019లో వచ్చిన గ్యాదరింగ్ స్టార్మ్ విస్తరణ తర్వాత ఈ నదులు పొంగుతాయి. వరద కట్టడాలను పాడుచేస్తుంది, ఒక్కోసారి నేలను మునుపటికంటే సారవంతం చేసి పోతుంది. అలాంటి చోట రెండో ఊరు పెట్టొచ్చని గుర్తుపెట్టుకుని ముందుకు నడిచాను.

ఆ వరి టైల్ నా చదువును కూడా మార్చింది. ఆట మొదట్లో తలుపు తెరిచి ఉండే విద్యలు మూడు: కుండల తయారీ, పశుపోషణ, గనుల తవ్వకం. గొర్రెలూ పశువులూ చుట్టూ ఉంటే పశుపోషణ, రాయి, అడవి ఉంటే గనులు ముందు నేర్చుకోవాలి. ఇక్కడ వరి ఉంది కాబట్టి కుండల తయారీతో మొదలుపెట్టి నీటిపారుదల వైపు నడిచాను. వనరు ఉన్న టైల్‌లో పొలం వేస్తే నీటిపారుదల విద్యలో 40 శాతం ఉచితంగా వచ్చేస్తుంది. ఆటలో దీన్ని యురేకా అంటారు. మొదట సగం ఇచ్చేవారు, 2018 నాటి రైజ్ అండ్ ఫాల్ నుంచి 40 శాతానికి తగ్గించారు. నీటిపారుదల వస్తే భారత్‌కు ప్రత్యేకమైన మెట్ల బావి తవ్వుకోవచ్చు. చంద్రగుప్తుడి అసలు బలం అర్థశాస్త్రం పేరుతో ఉన్న దండయాత్ర శక్తి. అది మిలిటరీ ట్రైనింగ్ నేర్చాక గానీ అందదు. ఈ తొలి రోజుల్లో ఆయన పేరు కంటే ఆ బావే ఎక్కువ అక్కరకొస్తుంది.

తూర్పున కొండలు దాటగానే ఒక నగర రాజ్యం గోడలు కనిపించాయి. జెనీవా. మాకంటే ముందు అక్కడికి ఎవరూ రాలేదు. మొదట వచ్చినవారికి ఒక దూతను ఉచితంగా ఇస్తారు. జెనీవా విజ్ఞానానికి నిలయం కాబట్టి ఆ ఒక్క దూతతోనే రాజధానికి టర్న్‌కు 2 విజ్ఞానం అదనం. ఇది ఎంత విలువైనదో ఒక్కసారి లెక్క చూడండి. ప్యాలెస్ ఇచ్చేది 2, ఒక పౌరుడు ఇచ్చేది అర. మొత్తం రెండున్నర. తొలి విద్యల ఖరీదు 25 చొప్పున. అంటే ఒక్కోదానికి 10 టర్న్‌లు. జెనీవా 2 కలిశాక నాలుగున్నర, అంటే 6 టర్న్‌లు. ఒక్క స్కౌట్ నాలుగు గుట్టలెక్కి నడిచినందుకు దేశంలో చదువు ఇంచుమించు రెట్టింపయింది. ఇంకెవరైనా మనకంటే ఒక టర్న్ ముందు చేరి ఉంటే ఆ దూత దక్కదు. స్కౌట్‌కు బదులు ముందు మాన్యుమెంట్ కట్టేవాళ్లు పోగొట్టుకునేది దీన్నే.

దక్షిణాన కిలిమంజారో. మంచు కప్పుకున్న ఒంటరి శిఖరం, చుట్టూ ఎండిన పచ్చిక. తనను ఆనుకుని ఉన్న ప్రతి టైల్‌కూ 2 ఆహారం ఇచ్చే కొండ అది. ఇలాంటి ప్రకృతి వింతను చూస్తే చాలు, జ్యోతిషానికి యురేకా దొరుకుతుంది. స్కౌట్‌ను ఆ పక్క గుట్ట మీద ఒక టర్న్ ఊరికే నిలబెట్టాను. దాని అవసరమేమీ లేదు, చూడాలనిపించింది.

ఇంతలో ఇంటి దగ్గర కబురు మారింది. ఉత్తరపు అడవి అంచున బార్బేరియన్ స్కౌట్ ఒకటి కనిపించింది, తలమీద ఎర్రటి ఆశ్చర్యార్థకంతో. ఆ గుర్తుకు అర్థం అది మన ఊరిని చూసిందని. ఇప్పుడది తన క్యాంపుకు పరిగెత్తి కబురు చెబుతుంది. ఆ తర్వాత క్యాంపు నుంచి దండు బయల్దేరుతుంది. ఈ ఆట కొత్తగా ఆడేవాళ్లను దెబ్బతీసే ఘట్టం ఇదే. ఎదురుగా ఉన్న ఒక్క బలహీనుణ్ణి వదిలేస్తారు, పది టర్న్‌ల తర్వాత ఊరిచుట్టూ గుర్రాలు తిరుగుతుంటాయి. రెండో ఉత్పత్తిగా స్లింగర్‌ను చేయించింది అందుకే. వడిసెల పట్టిన ఈ సైనికుడి దెబ్బ పక్క టైల్ వరకే, కాని అతని చేతిలో ఒక్క శత్రువు పడితే విలువిద్యకు యురేకా. వారియర్ అడవి వైపు దారి మూసి నిలబడ్డాడు, స్లింగర్ రాయి విసిరాడు, పని ముగిసింది. తర్వాత వారియర్‌ను ఉత్తరపు గుట్ట మీదే కాపలా పెట్టాను. ఎవరి చూపూ పడని నేలలోనే కొత్త క్యాంపులు పుడతాయి. కాబట్టి ఎత్తు మీద నిలబడ్డ ఒక సైనికుడు కొట్లాడకుండానే చాలా నేలను కాపాడగలడు.

మొదటి చట్టాల కోసం 20 సంస్కృతి పోగవగానే రెండు విధానాలు ఎంచుకోవచ్చు, ఒకటి సైనికం, ఒకటి ఆర్థికం. అన్ని నగరాలకూ 1 ఉత్పత్తి ఇచ్చే అర్బన్ ప్లానింగ్, బార్బేరియన్ల మీద 5 బలం ఇచ్చే డిసిప్లిన్ తీసుకున్నాను. ఇందులో పెద్దగా ఆలోచించాల్సింది లేదు.

జెనీవా అవతల స్కౌట్‌కు గిల్గమేష్ ఎదురుపడ్డాడు. సుమేరు రాజు. పరిచయంతోనే రాయడం అనే విద్యకు యురేకా దక్కింది. అంతకన్నా ముఖ్యమైనది ఇరుగు ఎవరో తెలియడం. సుమేరు వార్ కార్ట్‌కు ఏ విద్యా అక్కర్లేదు, ఆట మొదటి టర్న్ నుంచే చేసుకోవచ్చు. దాని బలం 30, మన వారియర్ బలం 20. ఆ క్షణంలో మా దగ్గరున్న బంగారంలోంచి 25 తీసి ప్రతినిధులను పంపాను. కలిసిన టర్న్‌లోనే పంపితే సాధారణంగా కాదనరు. పొరుగున ఎవరున్నారో తెలియకుండా అద్భుత కట్టడాలకు పునాది వేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. అదే 25 బంగారం, ఇద్దరు స్లింగర్లు వాళ్ల ఆటను నిలబెట్టి ఉండేవి.

ఇక సెట్లర్ల కాలం. 2010లో వచ్చిన ఐదో భాగంలో నాలుగు నగరాలతో సరిపెట్టుకోవడమే తెలివైన ఆట. బ్రేవ్ న్యూ వరల్డ్ విస్తరణ వచ్చాక కొత్త నగరం పెట్టిన ప్రతిసారీ విద్యల ఖరీదు కూడా పెరిగేది. ఆరో భాగంలో ఆ జరిమానా లేదు. ఎన్ని ఊళ్లు ఉంటే అంత మంచిది. కాని సెట్లర్ ఖరీదు 80తో మొదలై ప్రతిసారీ పెరుగుతుంది. జనాభా 2 ఉంటేనే తయారవుతుంది, తయారయ్యాక ఒకరిని తీసుకుపోతుంది. జనం మొత్తం 6 చేరితే సంస్కృతితో నేర్చే ఎర్లీ ఎంపైర్ తొందరగా అందుతుంది. అందులోని కలొనైజేషన్ విధానం సెట్లర్ల తయారీని 50 శాతం వేగం చేస్తుంది.

రెండో ఊరు ఎటువైపు? ఇంటి వెనక కిలిమంజారో పక్కన నేల నన్ను ఎంత పిలిచినా సెట్లర్‌ను జెనీవా దారిలోని వరి మైదానానికే పంపాను. గిల్గమేష్ కూడా అటే వస్తాడు. వెనక ఉన్న నేల ఎటూ పోదు. మరీ ముందుకు వెళ్లినా ప్రమాదమే. 9 టైల్స్ లోపల ఉన్న పరాయి జనం ఒత్తిడికి కొత్త ఊరి లాయల్టీ కరిగిపోయి తిరగబడుతుంది. సెట్లర్‌కు తోడుగా స్లింగర్ నడిచాడు. కాపలా లేని సెట్లర్‌ను బార్బేరియన్లు ఎత్తుకుపోతారు, 80 ఉత్పత్తి వాళ్ల పాలవుతుంది.

రాయడం వచ్చిన టర్న్‌లోనే కొండల పక్క టైల్‌లో క్యాంపస్ అనే విజ్ఞాన డిస్ట్రిక్ట్‌కు స్థలం పెట్టాను. కట్టడం తర్వాత చూసుకోవచ్చు. విద్యలు పెరిగేకొద్దీ డిస్ట్రిక్ట్ ఖరీదు పెరుగుతుంది, స్థలం పెట్టిన రోజునే ఆ ధర ఆగిపోతుంది. ఆనుకున్న ప్రతి పర్వతానికీ క్యాంపస్‌కు 1 విజ్ఞానం. ఆ కొండల వరసను చూసొచ్చింది కూడా స్కౌటే.

అన్నిటికంటే కష్టమైన డీటీ స్థాయిలో కంప్యూటర్ రాజులు ఒకరికి ముగ్గురు సెట్లర్లతో ఆట మొదలుపెడతారు. అక్కడ కూడా నా సలహా ఇదే: మొదటి ఉత్పత్తి స్కౌట్, రెండోది స్లింగర్, తర్వాత సెట్లర్లు. మాన్యుమెంట్, గ్రానరీ, అద్భుత కట్టడాలు ఆగగలవు. ఇంకొక మాట. తెర అడుగున ఆటో ఎక్స్‌ప్లోర్ అనే బటన్ ఉంటుంది. దాని జోలికి పోకండి. కనీసం మొదటి 50 టర్న్‌లు స్కౌట్‌ను మీ చేత్తోనే నడపండి.