జీపుకీ తోక ఉంటుంది

కొండదారుల్లో జీపు నడిపేవాళ్లని ఎక్కడ భయమో అడిగితే లోయ అంచనో, గుడ్డి మలుపనో చెబుతారనుకుంటాం. మా చిన్నాన్న మాత్రం 'గెడ్డ దాటాక' అంటాడు. దిగేటప్పుడు కాదట, నీళ్లలో ఉన్నప్పుడూ కాదట, దాటేశాకట! ముందు చక్రాలు అవతలి గట్టు ఎక్కుతాయి. లోపలున్నవాళ్లు 'హమ్మయ్య' అనుకుంటారు. సరిగ్గా అప్పుడే వెనక నుంచి కరకరమని చప్పుడు. బండి తోక రాళ్లకి ఒరుసుకుంటుంది.

చిన్నాన్నది పాడేరు ప్రాంతంలో మిరియాలు, పసుపు కొనే వ్యాపారం. వారపు సంతలకి తిరగడానికి ఓ పాత జీపుంది. వెళ్లేటప్పుడు ఖాళీ, వచ్చేటప్పుడు బస్తాలు. ఎవరికైనా నొప్పులొచ్చినా, పాము కరిచినా అంబులెన్సు ఆగే రోడ్డుదాకా దించేదీ ఆ జీపే. పోయినేడాది వానల్లో అలాగే ఓ నిండు చూలాలిని తీసుకెళ్తుంటే గెడ్డ గట్టు దగ్గర సైలెన్సర్ గొట్టం చివర రాయికి కొట్టుకుని నలిగిపోయింది. ఆ తాకిడికి ముందున్న అతుకు ఊడింది. తుప్పుపట్టిన ఫ్లోరు చిల్లుల్లోంచి పొగ లోపలికి! వెనక పడుకున్న ఆ అమ్మాయి దగ్గుతుంటే, వాళ్లమ్మ కొంగుతో విసురుతూ కూర్చుందట. పరదాలన్నీ పైకి చుట్టేసి, వానలో తడుస్తూనే రోడ్డెక్కించారు. తల్లీబిడ్డా క్షేమం. డీజిల్ పొగ కళ్లు మండిస్తుంది కాబట్టి వెంటనే తెలిసింది. పెట్రోలు బండి పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ. దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు.

ఇంజినీర్లు ఈ తోక వ్యవహారాన్ని డిపార్చర్ యాంగిల్ అంటారు. వెనక టైరు నేలని తాకేచోట తాడు ఒక కొస పెట్టండి. రెండో కొసని టైరు వెనకాల అన్నిటికంటే ముందుగా నేలకి తగిలే భాగానికి ఆనించండి. నేలకీ ఆ తాడుకీ మధ్య ఎంత కోణం ఉందో దాదాపు అంత వాలు ఉన్న గట్టుని బండి తోక తగలకుండా ఎక్కగలదు. పిల్లల జామెట్రీ బాక్సులో కోణమానిని ఉంటుంది చూడండి, దాంతో కొలిచేయొచ్చు. గ్రౌండ్ క్లియరెన్స్ అని షోరూముల్లో చెప్పేది వేరు, అది నేలకీ బండి పొట్టకీ మధ్య ఖాళీ. 2020లో వచ్చిన కొత్త థార్‌కి కంపెనీ లెక్కల్లో ఈ ఖాళీ 226 మిల్లీమీటర్లు, తోక కోణం 36.8 డిగ్రీలు.

మెకానిక్ బండి చూసీ చూడగానే 'రెండంగుళాలు లేపేద్దాం సార్' అన్నాడు. చిన్నాన్న తలూపలేదు. కుట్టుమిషన్ డ్రాయర్లోంచి పిన్ని టేపు తెప్పించి, నాకు కాగితమిచ్చి రాసుకోమన్నాడు. పాత యజమాని వెనక బిగించిన ఇనప గార్డు, దానికింద కాలు పెట్టే మెట్టు. ఆ మెట్టు నేలకి 40 సెంటీమీటర్ల ఎత్తులో, టైరు ఆనినచోటుకి 60 సెంటీమీటర్లు వెనక్కి ఉంది. కోణం సుమారు 34 డిగ్రీలు. రెండంగుళాలు, అంటే 5 సెంటీమీటర్లు లేపితే 37. లేపకుండా గార్డూ మెట్టూ పీకేస్తే బండి 10 సెంటీమీటర్లు పొట్టిదవుతుంది. అప్పుడు దాదాపు 39! డబ్బు పోసి లేపడం కంటే స్పానర్ పట్టుకుని విప్పడమే లాభం.

ఇంకో లెక్క కూడా వేశాం. బస్తాల బరువుకి వెనక భాగం 5 సెంటీమీటర్లు కుంగిందనుకోండి, 34 కాస్తా 30కి పడిపోతుంది. లేపడానికి పెట్టిన ఖర్చంతా మిరియాల బస్తాలకిందే పోతుందన్నమాట.

పైగా స్ప్రింగుల మీద బండిని లేపితే పైభాగమే లేస్తుంది. ఇరుసు మధ్యలో గుండులా ఉండే డిఫరెన్షియల్ ఉన్నచోటే ఉంటుంది. దాన్ని లేపేది పెద్ద టైర్లే. అవి కూడా 2 అంగుళాలు పెద్దవి వేస్తే 1 అంగుళమే లేపుతాయి. ఎత్తు పెరిగిన బండి పక్కవాలులో ఒరిగే భయం ఎలాగూ ఉంది. సిటీలో నిచ్చెనేసుకుని ఎక్కాల్సిన జీపులు కనిపిస్తుంటాయి, షాపింగ్ మాల్ పార్కింగులో. వాటికి ఏ గెడ్డ అడ్డొస్తుందో నాకైతే తెలీదు.

చట్టం సంగతీ ఉంది. కంపెనీ అసలు నమూనాకి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కార్లకి అదనంగా బిగించే ఇనప గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి రాసింది. కాబట్టి చిన్నాన్న ఛాసిస్ జోలికి, అసలు బంపరు జోలికి వెళ్లలేదు. తర్వాత తగిలించినవే తీయించాడు. కొత్త సైలెన్సర్ గొట్టాన్ని వేలాడనివ్వకుండా ఛాసిస్‌కి దగ్గరగా పైకి పట్టించి, కొసని మాత్రం బాడీ అంచు దాటేలా ఉంచమన్నాడు, పొగ మళ్లీ లోపలికి రాకుండా. ఫ్లోరు చిల్లులకి రేకులు వెల్డింగ్ చేయించాడు.

'ఇంత కొలిచావు కదా, ఇక రాయి తగలదా చిన్నాన్నా?' అంటే నవ్వాడు.

'గెడ్డకేం తెలుసు అమ్మడూ మన కొలతలు? వానొస్తే గట్టు కోసుకుపోద్ది. అప్పుడు దిగి రాళ్లు పేర్చుకోవాల.'

ఆ రాళ్లు పేర్చే పద్ధతి చూడాల్సిందే. గట్టు మొదలయ్యేచోట, చక్రాలు నడిచే రెండు దారుల్లో, చదును రాళ్లు ఏటవాలుగా పరుస్తాడు. నిట్రగా లేచే గట్టు కాస్త నెమ్మదిగా లేస్తుంది. మనుషుల్ని దింపేసి, వెనకున్న బస్తాల్ని డ్రైవరు సీటు వెనక్కి జరిపి, ఫోర్ వీల్ వేసి, లో గేరులో ఎక్కిస్తాడు. వెనక ఒకరు నిలబడి తోక చూస్తూ అరవాలి. ఈమధ్య నేను వెళ్లినప్పుడు ఆ పని నాకే పడింది. మెట్టు ఉండే చోటికీ రాయికీ మధ్య బెత్తెడు సందు కనిపించింది.

ఇక మిగిలింది వెనక కమాను పట్టీలు. బరువులు మోసి మోసి అవి వంపు పోయి సాపుగా అయిపోయాయి. ఈసారి మిరియాల డబ్బు చేతికొస్తే మార్పిస్తానంటున్నాడు చిన్నాన్న. ముందు మేడమీది గదికి కిటికీలు పెట్టించమని పిన్ని. ఇంకా తేలలేదు.