అరకు త్రోవలో కారు కూత

విజయనగరమునుండి అరకులోయకు బోవువారికి శృంగవరపుకోటవఱకు కొండలు దూరపు చుట్టములవలె నుండును. ఆ యూరు దాటగానే యవి యొక్కమాఱుగ మీదికి వచ్చి నిలుచును. అంతవఱకు వరిమళ్లు, తాటిచెట్లు, చెఱువుగట్లు. అటుపిమ్మట మలుపుపై మలుపు. మార్గశిరమాసమున నీ ప్రయాణమునకొక విశేషము గలదు. లోయలో వలిసెపూలు విరియబూచి, పొలములన్నియు బసుపు పూసికొన్న ముత్తైదువలవలె గానవచ్చును. ఆ వేడుక మా యత్తగారికి జూపవలెనని మూడేండ్లుగా ననుకొని యనుకొని, గడచిన మార్గశిరమున మా కారులో బయలుదేరితిమి.

మా కారనుటయే కాని, మాకు బూర్వము దాని నిద్దఱు వాడియుండిరి. మావారు ప్రయివేటు పాఠశాలలో నుపాధ్యాయులు. క్రొత్తకారు కొను శక్తి మాకెక్కడిది? ఆ కారునకు గొన్నాళ్లుగా నొక కూత పట్టుకొన్నది. ఉదయమున నింజను కదలగానే చెవులు చిల్లులుపడ గీచుమని యఱచి, కొంతసేపటికి మానును. ఏసీ వేసినచో మరల నఱచును. మా పట్టణములోని యొక మరమ్మతుశాలవారు బానెట్టెత్తి రెండు నిమిషములు చూచి, కారునకు విద్యుత్తు నిచ్చు ఆల్టర్నేటరు చెడినది, క్రొత్తది వేయవలసినదే యనిరి. వారు చెప్పిన వెల మావారి నెలజీతములో సగము. “ఎట్లు చెడినది?” అని నేనడిగితిని. బదులు లేదు. కారణము చెప్పలేనివారి చేతిలో సొమ్ము పోయుటకు నా మనసొప్పలేదు.

శృంగవరపుకోటలో కాఫీకి ఆగి మరల బయలుదేరబోవ, మంచుతేమకో యేమో, కూత మునుపటికంటె మిన్నయయ్యెను. ఎదుట ఘాటుదారి, వెనుకసీటులో డెబ్బదినాలుగేండ్ల యత్తగారు. వెనుకకు మరలుదమా యని మావారు తటపటాయించుచుండిరి. అత్తగారేమియు ననలేదు గాని, చేతిసంచిని ఒడిలోనికి దీసికొని కూర్చుండిరి. ఆమె యాసపడిన దేదియు నోరు విడిచి యడుగదు. అందుచే నాకు మఱింత కష్టమనిపించెను.

కాఫీదుకాణమువారు కొబ్బరినూనె తెచ్చి, నాలుగుచుక్కలు వేసిన నూరకుండునని సలహా చెప్పిరి. ఇరుసునకు గందెన కావలెనని సుమతీశతకములో జిన్ననాడే చదివినవారము గదా, మనకును నది నిజమే యనిపించును. బండియిరుసు విషయమున నిజమే. కాని యిచట నఱచునది యిరుసు గాదు, రబ్బరుబెల్టు. అది పట్టుగొని త్రిప్పవలసినది. నూనె తగిలినచో మఱింత జాఱును, రబ్బరును బాడగును. ఈ సంగతి మాకు జెప్పినవాడు రోడ్డుప్రక్క రేకులపాకలోని మెకానిక్కు, ఇరువదియైదేండ్లుండునేమో. పానా పట్టకుండ జేతులు కట్టుకొని నిలిచి, “ముందు ఇందాం అమ్మగారూ, ఆనక ఇప్పుదాం,” అనెను. ఆ యొక్కమాటతో నాకు వానియందు నమ్మకము కుదిరెను.

అతడు వినుమన్న తీరు ఛందస్సు చదివినవారికి సులభముగ దెలియును. కిచకిచయని లఘువులవలె దెగి తెగి వినవచ్చినచో బెల్టు తిరుగు పుల్లీలు, అనగా నూతిగిలకవంటి చక్రములు, ఒక్క వరుసలో లేవని సందేహింపవలెను. కీ—యని గురువువలె సాగినచో బెల్టు వదులై జాఱుచున్నదని తలపవలెను. గరగరయని రాపిడి వినవచ్చినచో నేదో యొక బేరింగు అరిగియుండవచ్చును. మాది నిస్సందేహముగ గురువు.

పిదప నింజను తిరుగుచుండగనే బెల్టుగాళ్లపై గొంచెము నీరు చిలికెను. నీరు పడగానే కూత యణగి మరల వచ్చినచో దోషము పుల్లీల వరుసలోనిది. హెచ్చినచో బిగువు చాలదు. మాది కెవ్వున హెచ్చెను! చూచు నుత్సాహమున నేను ముందునకు వంగగా నతడు చేయి యడ్డముపెట్టి వారించెను. తిరుగు బెల్టునకు గొంగన్నను జడయన్నను ఒక్కటే, పట్టినచో విడువదు. కొంగు నడుమునకు జెక్కి, జడ ముడివైచి, దూరముగనుండియే చూడుడు.

నీటిపరీక్షతో దృప్తిపడక, పొడవైన స్క్రూడ్రైవరు మొన ఆల్టర్నేటరు పైతొడుగున కానించి, పిడిని జెవి కానించుకొని వినెను. వైద్యుని గొట్టమునకును దీనికిని భేదము లేదు. లోన రాపిడి లేదనెను. ఇంజనాపి, తాళపుచెవి మావారి చేతికిచ్చి, బెల్టూడదీసి, పుల్లీల నొక్కొక్కదానిని వ్రేలితో ద్రిప్పెను. అన్నియు జప్పుడులేక తిరిగెను. చెడినదన్న యాల్టర్నేటరు నిక్షేపముగ నున్నది! బెల్టు లోపలిగాళ్లు మాత్ర మద్దమువలె నున్నగ మెఱయుచుండెను. వెనుకటి బెల్టులు ముసలియైనచో బీటలువాఱెడివి. ఇప్పటివి టైరువలె నరుగునే గాని తొందరగ బీటలువాఱవట. కావున బీటలు లేవని మురిసిపోరాదు.

మరమ్మతుశాలలో నేనడిగిన ప్రశ్న నితనినిగూడ నడిగితిని. బదులు వచ్చెను. ఇంజను కదల్చుటలో బ్యాటరీ కొంత ఖర్చగును. దానిని నింపుటకు మొదట ఆల్టర్నేటరు గట్టిగ బనిచేయవలెను. బరువు హెచ్చగా వదులుబెల్టు జాఱి యఱచును. బ్యాటరీ నిండినకొలది బరువు తగ్గి కూత యణగును. ఏసీ వేసిన దాని బరువును నీ బెల్టుపైననే పడును. మా కారులో నింజనును జల్లార్చు నీటిపంపునుగూడ నదియే త్రిప్పుచున్నది. కొండమీద దెగినచో బ్యాటరీదీప మెఱ్ఱగ వెలుగును, ఇంజను కాగిపోవును, ఆ మలుపులలో నెక్కడనో నిలిచిపోవలసినదే.

క్రొత్తబెల్టు వేసి, బిగించు బోల్టును గొంచెము గొంచెముగ ద్రిప్పుచు, నడుమ బొటనవ్రేలితో నొక్కి చూచెను. వదులైన జాఱును, మితిమీఱి బిగించిన బేరింగులు చెడును. వీణతంత్రి సవరించుట యిట్టిదే గదా. క్రొత్తకార్లలో స్ప్రింగే యీ పనిచేయునట. బెల్టున కేడువందలు, కూలి మూడువందలు. ఏసీయు దీపములును గూడ వేసి చూచితిమి, కూత లేదు. మావారు మఱి రెండువందలీయబోగా నతడు పుచ్చుకొనలేదు.

ఘాటుదారిలో గిటికీలు దించుకొని పోయితిమి. అనంతగిరిలో సిల్వరుఓకు చెట్ల నీడను కాఫీతోటలు. ఆ చెట్లకే మిరియపుతీగెలు. కాఫీపండ్లు కుంకుమగుత్తులవలె నెఱ్ఱబడియుండెను. బొఱ్ఱాగుహలలోని మెట్లు అత్తగారి మోకాళ్లకు దగవని వానిని విడిచితిమి. ఆ గుహలలోనుండి వచ్చు గోస్తనీనదిని మాత్రము తలచికొని యామె నమస్కరించెను.

అరకు సముద్రమట్టమునకు నించుమించు 900 మీటర్ల యెత్తు. ఎండ వాలువేళకు వలిసెపొలముల దరి జేరితిమి. అత్తగారు చెప్పులు విడిచి గట్టుమీద నడచి, యొక పూవు ద్రుంచి వాసన చూచి, “దీనికి వాసనే లేదేమే?” యని నన్నడిగెను. తేనెటీగలు మాత్రము వేలకొలది ముసరియుండెను. చీకటిపడువఱకు నామె యచటనుండి కదలలేదు.